గాలి తీసిన మూట

పత్తి పండే చోట పుట్టినవాళ్లకు గాలి ఎంత చోటు తింటుందో వేరే చెప్పనక్కర్లేదు. పత్తి తీతల రోజుల్లో పర్చూరుకూ చిలకలూరిపేటకూ మధ్య ఒక పత్తి లారీ వెనక ఇరుక్కుంటే చాలు. బోరేలు రెండు పక్కలా పొట్టలు వెళ్లబెట్టుకుని, రోడ్డంతా తమదేనన్నట్టు ఊగుతూ పోతుంటాయి. వెనకవాడు హారన్ కొట్టీ కొట్టీ అలిసిపోతాడు. ఆ లోడులో ఎక్కువ భాగం గాలే. అదే పత్తి జిన్నింగు మిల్లులో గింజ వదిలించుకుని ప్రెస్సు కిందికి వెళితే 170 కిలోల బేలై బయటికొస్తుంది. సుమారు ఐదు క్వింటాళ్ల పత్తిలోంచి వచ్చిన దూది పట్టీలు బిగించుకుని, ఒక పెట్టెంత చోటులో బుద్ధిగా ఒదిగి కూర్చుంటుంది. గాలి పోయింది, దూది మిగిలింది. ఓడలూ రైళ్లూ మోసేది బేలునే. ఊరేగే గాలికి కిరాయి కట్టడం ఏ వ్యాపారికీ ఇష్టం ఉండదు.

ఇప్పుడు ఆ ప్రెస్సు చిన్నదై వంటింటి గట్టు మీదికి వచ్చింది. వాక్యూమ్ సీలింగ్ మిషను. దాన్ని మన ఇళ్లకు తెచ్చింది పచ్చళ్లు. గుంటూరులో గానీ చీరాలలో గానీ పచ్చళ్ల కొట్టుకు వెళితే, ఆవకాయా గోంగూరా అని అడిగాక కుర్రాడు వేసే రెండో ప్రశ్న "ఊళ్లోకా, అమెరికాకా?" అని. అమెరికాకి అంటే మందపాటి కవరు, దాని మీద ఇంకో కవరు, గాలి తీసి సీలు. సూట్‌కేసులో పట్టుచీర పక్కన గోంగూర నిశ్చింతగా ప్రయాణం చేస్తుంది. పిల్లల కోసం కొన్న మిషను, పిల్లలు విమానం ఎక్కాక ఖాళీగా ఉండదు గదా. ముందు పప్పులు, తర్వాత కారం, తర్వాత దుప్పట్లు. నల్లమలకు ట్రెక్కింగని తిరిగే మా మేనల్లుడు ఒకసారి వచ్చి తన సామానంతా దాని నోట్లో పెట్టాడు. మారుబట్టలు, తువ్వాలు, మందులు, అగ్గిపెట్టె, టార్చికి బ్యాటరీలు, చివరికి పడుకునే స్లీపింగ్ బ్యాగు కూడా. బస్తా అంత మూట తలగడంత అయింది. "వానలో నడిచినా చుక్క దిగదు మామయ్యా" అన్నాడు. నిజమే. దిగదు.

ఇంత చిన్న మిషనుకు అంత బలం ఎక్కడిది? దానికి బలమేం లేదు. అది చేసేది లోపలి గాలిని బయటికి తోడటం ఒక్కటే. నొక్కేది బయట ఉన్న గాలి. సముద్ర మట్టం దగ్గర ప్రతి చదరపు సెంటీమీటరు మీదా గాలి బరువు ఒక కిలో పైమాటే. 30 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న కవరును తీసుకోండి. లోపలి గాలి పూర్తిగా లాగేయగలిగితే ఆ కవరు ఒక్కో ముఖం మీద ఆరు క్వింటాళ్లకు పైగా బరువు పడుతుంది. మన లెక్కలో చెప్పాలంటే, మిర్చి యార్డులో నలభై కిలోలు తూగే టిక్కీలు పదిహేను తెచ్చి మీద పేర్చినట్టు. ఇంటి మిషన్లు పూర్తిగా లాగలేవు. లాగినంత మేరకే ఈ బరువు. 1650లలో జర్మనీలో ఒట్టో ఫాన్ గెరికే అనే ఆయన రెండు రాగి అర్ధగోళాలను మూతిమూతి కలిపి, లోపలి గాలి తోడేసి, రెండు పక్కలా గుర్రాలను కట్టి లాగించాడు. గోళాలు విడిపోలేదు. మళ్లీ గాలి వదిలితే వాటంతట అవే ఊడివచ్చాయి. మనం పుట్టినప్పటినుంచీ మోస్తున్న బరువు అది. లోపలా అంతే ఉండబట్టి మనకు తెలియడం లేదు.

మిషను లేనివాళ్లకు దారి ఉంది. బకెట్ నిండా నీళ్లు పెట్టుకోండి. జిప్ కవర్లో వస్తువు పెట్టి, మూతి ఒక మూల వేలెడంత వదిలి మిగతాది మూసేయండి. కవరును మెల్లగా నీళ్లలోకి దించండి, వదిలిన మూల మాత్రం పైన ఉండాలి. నీళ్లు నాలుగు వైపులా నొక్కుతుంటే లోపలి గాలి ఆ సందులోంచి బుస్సుమని పోతుంది. ప్లాస్టిక్ వస్తువుకు చర్మంలా అంటుకుంటుంది. నీళ్లు మూతి దాకా వచ్చే ముందు ఆ మూల కూడా నొక్కేయండి. కరెంటు లేదు, మోటారు లేదు. గుడ్డలకూ కాగితాలకూ మందులకూ ఇది చాలు.

మిషనైనా బకెటైనా, మొత్తం పని ఆధారపడేది మూతి దగ్గరున్న అర అంగుళం మీదే. అక్కడ ఒక ఇసుక రేణువు ఇరుక్కున్నా, ఒక నూనె చుక్క అంటుకున్నా, కారం పొడి పలచగా పడి ఉన్నా రెండు పొరలూ అతుక్కోవు. అప్పటికి అతికినట్టే కనిపిస్తుంది. తెల్లారేసరికి కవరు ఊపిరి పీల్చుకుని వదులుగా ఉంటుంది. అందుకే పచ్చళ్ల కొట్టువాళ్లు కవరు మూతిని ముందు వెనక్కి మడిచి, పచ్చడి నింపి, మడత విప్పి, పొడిగుడ్డతో తుడిచి అప్పుడు సీలు వేస్తారు. కవరు కూడా ఏదో ఒకటి పనికిరాదు. మామూలు పాలిథిన్ గాలిని పూర్తిగా ఆపదు. వాక్యూమ్ కవర్లలో గాలిని ఆపడానికి నైలాన్ పొర, వేడికి అతకడానికి పాలిథిన్ పొర కలిపి ఉంటాయి. మొనదేలిన వస్తువు ఏదైనా సరే, పదిహేను టిక్కీల బరువు వెనక నుంచి తోస్తుంటే ఆ పొరల్ని పొడిచేస్తుంది. ఎండుమిరపకాయలు అలా పెట్టి చూడండి. గలగలలాడే కాయ పిప్పిపిప్పి అవుతుంది, తొడిమ కవరును పొడుస్తుంది.

మిరపకాయ మాట వచ్చింది కాబట్టి అసలు సంగతి అక్కడే చెప్పాలి. నీళ్లు లోపలికి రానివ్వని కవరు, నీళ్లను బయటికి కూడా పోనివ్వదు. వాక్యూమ్ గాలిని తీస్తుంది, తడిని తీయదు. ఈ మాట మిరప రైతుకు ఎవరూ నేర్పక్కర్లేదు. కళ్లంలో కాయ ఎర్రటి తివాచీలా పరిచి ఉంటుంది. రాత్రి మంచు పడుతుందని పట్టాలు కప్పుతాడు. పొద్దెక్కేలోపు పట్టా తీయాల్సిందే. తీయకపోతే కాయ వదిలిన తేమ పట్టా లోపల చెమటలా పట్టి, మళ్లీ కాయ మీదే పడుతుంది. రంగు పోతుంది, బూజు పడుతుంది. ఎర్రగా మెరవాల్సింది తెల్లబారి తాలుకాయ లెక్కలో చేరుతుంది. యార్డులో తాలుకు ధర వేరు, దాని ముందు రైతు ముఖం వేరు. ఆరిన కాయను కూడా గోనెసంచుల్లోనే తొక్కుతారు, కోల్డ్ స్టోరేజీలో పెట్టేది కూడా గోనెసంచితోనే. గోనెకు రంధ్రాలుంటాయి. అది లోపం కాదు, దాని పనే అది.

పత్తికీ ఇదే న్యాయం. కొనుగోలు కేంద్రంలో పత్తి సంస్థ వాళ్లు తేమ మిషను గుచ్చి చూస్తారు. 8 శాతం దాటితే ధరలో కోత, 12 దాటితే కొనరు. తడి పత్తిని బేలు కట్టడమంటే తెగులును గట్టిగా మూటకట్టడమే. కాబట్టి మేనల్లుళ్లకు మొదటి సూత్రం: ఆరనిదాన్ని సీలు వేయొద్దు. చెమట పట్టిన చొక్కాను గాలి తీసి పెడితే మూడో రోజు విప్పేది చొక్కాను కాదు, వాసనను.

తినేవాటి విషయంలో ఇంకో మెలిక ఉంది. గాలి తీసేస్తే పురుగు బతకదు, నూనె ముక్కవాసన వేయదు. నిజమే. కానీ గాలి లేని చోటునే వెతుక్కుని పెరిగే సూక్ష్మజీవి ఒకటుంది, క్లాస్ట్రిడియం బొట్యులినమ్. అది చేసే విషం మనిషిని చంపగలదు. ఆవకాయకు ఆ భయం లేదు, ఉప్పూ పులుపూ దాన్ని దగ్గరికి రానివ్వవు. ఉడికించిన దుంపలూ వండిన కూరలూ గాలి తీసిన కవర్లో పెట్టి ఎండలో రెండు రోజులు భుజాన మోస్తే, ఆ కవరు ఏ కాపలా కాయదు. ఫ్రిజ్ చేయాల్సిన పనిని ప్లాస్టిక్ చేయదు. అడవికి పోయేవాడికి అటుకులూ వేరుశనగలూ బెల్లం ఉండనే ఉన్నాయి.

వెచ్చదనం సంగతి చూద్దాం. పరుపు పాతబడి గట్టిపడితే మా ఇళ్లకు దూదేకేవాళ్లు వచ్చేవాళ్లు. పెద్ద విల్లు, దాని నారిని కొట్టే గుండు, టంగ్ టంగ్ మని చప్పుడు. పొద్దున గట్టిగా ముద్దకట్టిన దూది మధ్యాహ్నానికి వసారా నిండా మేఘమై లేచేది. కొత్త దూది ఒక్క గుప్పెడు కూడా కలపలేదు, కలిపింది గాలి. మిల్లులో ప్రెస్సు తీసేసిన గాలిని ఇక్కడ ఈ విల్లు తిరిగి ఇస్తుంది. దుప్పటిలో వెచ్చగా ఉంచేది దూది కాదు, దూది పట్టుకుని కదలనివ్వని గాలి. 2014 మే 25న పదమూడేళ్ల మాలావత్ పూర్ణ, ఆమెతో ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. అంత ఎత్తున చలి నుంచి మనిషిని కాపాడే కోటుల్లో ఉండేది పక్షి నూగు, ఆ నూగు పట్టి ఉంచిన గాలి. అలాంటి స్లీపింగ్ బ్యాగును ప్రయాణమంత సేపు నొక్కి పెట్టొచ్చు, తప్పులేదు. ఏడాదంతా గాలి తీసి అటక మీద పడేస్తే నూగు మళ్లీ లేవదు. పల్నాడు నుంచి గొర్రెలు తోలుకొచ్చే కాపరుల గొంగడి చూడండి. చింతగింజల గంజి పట్టించిన ముతక ఉన్ని. జల్లు పడితే కొప్పెర పెట్టుకుంటారు, రాత్రికి కప్పుకుంటారు, పొద్దున కంప మీద ఆరేస్తారు. అది తడవదని ఎవరూ అనరు. తడిసినా వెచ్చగా ఉంటుంది, తడిసింది ఆరుతుంది. కాపరికి కావలసింది అంతే.

ఈ ఆలోచనలన్నీ పట్టుకుని పిడుగురాళ్ల నుంచి జాతీయ రహదారి వెంట పత్తినీ మిరపనూ దాటుకుంటూ వస్తే, చీరాల తర్వాత ఆ రోడ్డు వాడరేవు దగ్గర ఇసుకలో ఆగిపోతుంది. నీళ్లతో రోజూ పనిపడే మనుషులు అక్కడున్నారు. తడి గురించి వాళ్లకు తెలిసినంత ఏ కంపెనీ బ్రోచరుకూ తెలియదు.

పాత రోజుల తెప్ప నీళ్లను ఆపడానికి అసలు ప్రయత్నమే చేసేది కాదు. తేలిక కలప దుంగలు కొన్ని పక్కపక్కన పెట్టి తాళ్లతో బిగించి కట్టేవారు. కెరటం మీదికొస్తే దుంగల సందుల్లోంచి దిగిపోతుంది. తోడాల్సిన పని లేదు, మునిగే ప్రశ్న లేదు. వేట అయ్యాక కట్లు విప్పి దుంగలను ఒడ్డున ఆరేసేవారు, నీళ్లు పీల్చిన దుంగ బరువెక్కుతుంది గనక. నూలు వలలదీ అదే కథ. బెరడు కషాయం పట్టించినా, తడి వలను చుట్టి మూల పడేస్తే కుళ్లిపోయేది. ఇసుకలో పొడుగ్గా పరిచి ఆరబెట్టడం వేటలో సగం పని. ఇప్పుడు తెప్పలు ఫైబరువి, వలలు నైలానువి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రోజుల్లో వాడరేవు ఒడ్డున నడిస్తే ఇప్పటికీ వలలు నీడకు పరిచి బాగుచేసుకుంటూ కనిపిస్తారు. ఎవరూ వాటిని గాలి తీసి మూట కట్టరు.

నేను మా మేనల్లుడి కవర్లు కొన్ని సంచిలో వేసుకుని వెళ్లాను, ఒక పెద్దాయనకు చూపిద్దామని. ఆయన తెప్ప బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. ఐసు పెట్టె, డీజిలు డబ్బా, నీళ్ల క్యాను, అన్నం క్యారియరు. ఇవన్నీ తాళ్లతో కట్టేసి ఉన్నాయి. ఫోను పాలిథిన్ కవర్లో, కవరు మూతికి రబ్బరు బ్యాండు. కవరు మీద నుంచే వేలితో ఫోను నొక్కుతున్నాడు, అదీ పనిచేస్తోంది. బీడీలు, లైటరు, డబ్బులు, గుర్తింపు కార్డు ఒక ప్లాస్టిక్ డబ్బాలో ఉన్నాయి. బిరడా తిప్పే డబ్బా, ఒకప్పుడు అందులో మామిడికాయ పచ్చడి ఉండేదేమో, మూతకు ఎరుపు ఇంకా పోలేదు. దాని మెడకు నైలాను తాడు, తాడు రెండో కొస తెప్పకు.

నా చేతిలోని కవరు అటూ ఇటూ తిప్పి చూశాడు. అతుకు మీద గోరుతో గీశాడు. "బాగానే ఉందండీ. లోపలిది కావాలంటే ఎట్టా?" అన్నాడు.

"కత్తెరతో కోయాలి."

"చేతులు తడిగా ఉంటయ్. తెప్ప ఊగుతా ఉంటది. కత్తెర ఏడ వెతికేది? పోనీ కోశాం. మళ్లీ ఎట్టా మూస్తం?"

నేను సమాధానం వెతుక్కునేలోపు ఇంకోటి అడిగాడు. "నీళ్లల్లో పడితే తేలుద్దా ఇది?"

గాలి తీసిన ఫోను ఎలా తేలుతుంది? రాయిలా దిగిపోతుంది, చక్కగా పొడిగా. ఆయన డబ్బా మాత్రం తేలుతుంది, లోపల గాలి ఉంది గనక. ఆయన నిలబడ్డ ఫైబరు తెప్ప తేలేది కూడా అందుకే. దాని అడుగు గదుల్లో కుక్కిన తెల్లటి ఫోములో నూటికి 95 పాళ్లకు పైగా గాలే. వల పై అంచున కట్టిన బెండులూ అంతే, లైఫ్ జాకెట్టూ అంతే. సముద్రం మీద మనిషి బతికేది మూతపెట్టిన గాలి పుణ్యాన. అలాంటి చోటికి నేను గాలి తీసే విద్య మోసుకెళ్లాను.

అయినా ఈ విద్య వట్టిదని అననక్కర్లేదు. సామాన్లు రెండు రకాలు. రోజూ వాడేవి ఒకటి, ఆపద వేళ కోసం దాచేవి ఒకటి. రోజూ వాడేది తడవాలి, ఆరాలి, మళ్లీ తడవాలి. దానికి తాడు కావాలి, రంధ్రాలు కావాలి, తడిచేత్తో తెరుచుకునే మూత కావాలి. దాచేది మాత్రం అంటుకోకుండా ఉండాలి, చిన్నదిగా ఉండాలి, అవసరం వచ్చిన రోజు చెక్కు చెదరకుండా దొరకాలి. వాక్యూమ్ కవరు ఈ రెండో రకానికి పుట్టింది. చిక్కంతా మనం దాన్ని మొదటి రకం మీద ప్రయోగించబోవడంలో ఉంది. ఫోను కంపెనీలు చెప్పే ఐపీ 67 కూడా అలాంటిదే. మీటరు లోతు నీళ్లలో అరగంట అని దాని అర్థం. ఆ పరీక్ష చేసేది మంచినీళ్లలో. వాడరేవు కెరటానికి ఉప్పుంది, ఇసుకుంది, విసురుంది.

మా తీరంలో ఈ రెండో రకం మూట సరదా వ్యవహారం కాదు. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమతోపాటు బాపట్ల ప్రాంతాన్నీ ముంచెత్తింది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. 2010 మే 20న లైలా, 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటాయి. ఇప్పుడు హెచ్చరికలు ముందే వస్తున్నాయి, షెల్టర్లున్నాయి, మనుషులు చాలావరకు దక్కుతున్నారు. తిరిగొచ్చాక మొదలయ్యేది కాగితాల కష్టం. తడిసి ముద్దయిన పాసుపుస్తకం, అక్షరాలు చెరిగిన దస్తావేజు, అతుక్కుపోయిన సర్టిఫికెట్లు. నష్టపరిహారం రాసేవాడు ముందు అడిగేది కూడా ఆ కాగితమే.

కాబట్టి ఇంట్లో మిషనున్నవాళ్లకూ, బకెట్టున్నవాళ్లకూ నాదొక మనవి. వాయుగుండం వార్త వచ్చే దాకా ఆగకండి. ఎండ కాసే రోజు చూసి కాగితాలన్నీ ఆరనిచ్చి, పట్టాదారు పాసుపుస్తకం, దస్తావేజులు, పిల్లల సర్టిఫికెట్లు ఒక కవర్లో గాలి తీసి సీలు వేయండి. ఆధార్, రేషన్ కార్డు నకళ్లు, కొంచెం నగదు, ముఖ్యమైన ఫోను నంబర్లు రాసిన కాగితం ఇంకో కవర్లో. పది రోజులకు సరిపడా బీపీ, షుగరు మాత్రలు, ఒక లైటరు జిప్ కవర్లో పెట్టండి, అవి మధ్యలో తీయాల్సి వస్తుంది. మాత్రలకు గడువు తేదీ ఉంటుంది, మారుస్తూ ఉండండి. ఇవన్నీ బిరడా మూతున్న పెద్ద డబ్బాలో వేసి, డబ్బాలో కాస్త గాలి మిగలనివ్వండి. దాని మెడకు ఒక తాడు కట్టండి. అది ఎక్కడుందో ఇంట్లో చిన్నపిల్లాడికి కూడా తెలిసి ఉండాలి.